హస్తవాసీ, చేతివాటమూ

తెలుగులో చేతిని గురించి రెండు మంచి మాటలున్నాయి. ఒకటి హస్తవాసి, రెండోది చేతివాటం. ఫలానా డాక్టరుగారి హస్తవాసి మంచిదంటే, ఆయన నాడి పట్టుకోగానే జ్వరం సగం దిగిందన్నమాట. చేతివాటం సంగతి అల్లా కాదు. క్రికెట్ వార్తల్లో "ఎడమ చేతివాటం ఆటగాడు" అన్నంతవరకు ఆ మాటకి ఏ దోషమూ లేదు. కాని కొట్టులో లెక్క తేడా వచ్చినప్పుడు మాత్రం "ఎవరో చేతివాటం చూపించారు" అంటాం. ఆగిపోయిన మోటారు సైకిలు తోసుకుంటూ మెకానిక్ షెడ్డుకి వెళ్ళే గృహస్థు మనస్సులో ఈ రెండు మాటలూ పక్కపక్కనే నడుస్తూ వుంటాయి. ఇతని హస్తవాసి ఎల్లాంటిదో అని ఒక బెంగ. ఇతని చేతివాటం ఎంతలో తేలుతుందో అని ఇంకో బెంగ. రెండో బెంగ ముదిరితే మూడో ఆలోచన పుడుతుంది: "ఆ పనేదో మనమే చేసుకుంటే పోలా?"

ఈ మూడో ఆలోచన మంచిదా, చెడ్డదా అన్నదే ఈ వారం విచారణ.

పూర్వం బండి కొన్నవాడికి ఈ ఆలోచన రాక తప్పేది కాదు. మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ 1955 లో ఏర్పడింది. 1960 తరవాత మైసూరు నించి జావాలూ, ఆ వెనకనే రాజ్‌దూత్‌లూ రోడ్ల మీదికి వచ్చాయి. పట్నం పొలిమేర దాటితే మెకానిక్కు దొరకని రోజులవి. అంచేత పాయింట్లు సర్దుకోవడం, ప్లగ్గు గీకి శుభ్రం చెయ్యడం, టాపెట్లు చూసుకోవడం యజమానికి సంధ్యావందనం లాంటి నిత్యకృత్యాలు. పాత కాస్టయిరన్ బుల్లెట్‌కి టాపెట్లు చూడడానికి పనిముట్టు కూడా అక్కర్లేదు. ఇంజను చల్లగా వున్నప్పుడు పుష్‌రాడ్‌ని రెండు వేళ్ళతో పట్టుకుంటే హాయిగా తిరగాలి. పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. అంతే శాస్త్రం.

1985 లో హీరో హోండా సి.డి.100, 1994 లో స్ప్లెండరు వచ్చాక మధ్యతరగతి ఇంట్లో బండి తీరే మారింది. పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. పెట్రోలు పొయ్యడం, కిక్కు కొట్టడం తప్ప యజమానికి వేరే పని లేకుండా పోయింది. 2020 ఏప్రిల్ నించి బి.ఎస్.6 నిబంధనలు అమల్లోకి రావడంతో కొత్తబళ్ళలో చాలావాటికి కార్బొరేటర్ కూడా పోయి, పెట్రోలుని చిన్న కంప్యూటరు కొలిచి చిమ్మే పద్ధతి వచ్చింది. ఇల్లా యజమాని చెయ్యి ఇంజనుకి ఏడాదికేడాది దూరమవుతూ వచ్చింది.

సరిగ్గా అదే కాలంలో సెల్‌ఫోను ఆ చేతిని మళ్ళీ ఇంజను దగ్గరికి లాక్కొచ్చింది. పన్నెండు నిమిషాల వీడియోలో ఎవరో ఒకాయన ఇంజను విప్పి, బాగుచేసి, బిగించి, మనకి నమస్కారం కూడా పెట్టేస్తాడు. ఆ పన్నెండు నిమిషాల్లో తుప్పుపట్టి కదలని బోల్టు వుండదు. ఎక్కడిదో తెలియక మిగిలిపోయిన వాషరు వుండదు. కరెంటు పోవడమూ, వాన రావడమూ వుండవు. వంటల వీడియోలో ఉల్లిపాయలు తరిగి సిద్ధంగా వున్నట్టే, ఇక్కడా కష్టమంతా తెర వెనక అయిపోయి వుంటుంది.

ఆ మధ్య మా కాలేజీలో నాతో పనిచేసే మిత్రుడి ఇంట్లో ఈ తగువే వచ్చింది. 2009 లో కొన్న 100 సి.సి. బండి. పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ గడువు దాటితే మరో అయిదేళ్ళకి పొడిగించుకుని నడుపుతున్నారు. ఉన్నట్టుండి నీలం పొగ మొదలయింది. మెకానిక్కు చూసి, "హాఫ్ ఇంజను చెయ్యాలి. బోరింగు, పిస్టను, రింగులు, అన్నీ కలిపి ఏడువేలవుతుంది" అన్నాడు. ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్న కొడుకు, "సామాను మూడువేలకి వస్తుంది నాన్నా, నేనే విప్పుతాను" అన్నాడు. తండ్రికి కొడుకు మీద నమ్మకమూ లేదు, మెకానిక్కు మీద నమ్మకమూ లేదు. నా బండికి ఆయిలూ ప్లగ్గూ నేనే మార్చుకుంటానని తెలిసి, నన్ను మధ్యవర్తిగా పిలిచారు.

అందరికంటె ముందు అసలు ప్రశ్న వేసింది ఆ ఇంటి ఇల్లాలు. "అన్నయ్యగారూ, వీడు విప్పుతాడు, బిగిస్తాడు, సరే. తరవాత దానిమీద నన్ను కూర్చోబెట్టుకుని హైవే ఎక్కేది వీళ్ళ నాన్నే కదండీ. ఆ మాట ఎవరూ అనరేం?"

ఆవిడ ప్రశ్నలో ఎంత బరువుందో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఆ రకం ఇంజనులో సిలిండరు వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టను నడిచే దూరం 49.5 మిల్లీమీటర్లు. ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఆ పిస్టను సెకనుకి నూరుసార్లు పైకి వెళ్ళి నూరుసార్లు కిందికి వస్తుంది. అంటే సగటున సెకనుకి దాదాపు 10 మీటర్ల వేగం. అదీ ప్రతి కొసనా పూర్తిగా ఆగి, వెనక్కి తిరుగుతూ. ఆ పిస్టనుని దాని పిన్నుతో కలిపి వుంచేవి అటొకటీ ఇటొకటీ వుండే రెండు సన్నని స్ప్రింగు తీగలు. మేస్త్రులు వాటిని సర్‌క్లిప్పులంటారు. అందులో ఒకటి సరిగా కూర్చోక ఊడితే పిన్ను పక్కకి జరిగి సిలిండరుని గీకేస్తుంది. ఇంజను బిగుసుకుపోతే వెనక చక్రం రోడ్డు మీదే పట్టేస్తుంది. అది వీధి చివర జరిగితే నవ్వుకోవచ్చు. లారీల మధ్య జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అంచేత "మనమా, మెకానిక్కా" అని తేల్చుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలంటాను. మొదటిది: రోగం ఏమిటో తెలిసిందా? రెండోది: పని చెడితే పోయేదేమిటి? మూడోది: ఈ పనికి కావలసిన పనిముట్టు మళ్ళీ ఎన్నిసార్లు అక్కరకొస్తుంది?

మొదటి ప్రశ్న దగ్గరే మనలో చాలామందిమి తొందరపడతాం. రోగం కనుక్కోవడం వేరు, వైద్యం చెయ్యడం వేరు. వైద్యం చేతగానివాడు కూడా రోగ లక్షణాలు చక్కగా గమనించవచ్చు. పొగ నల్లగా వుంటే పెట్రోలు ఎక్కువ పోతున్నదన్నమాట. చలికాలం పొద్దున్న కాసేపు తెల్లగా వచ్చి తగ్గిపోతే అది సైలెన్సర్‌లోని తేమ, కంగారు పడనక్కర్లేదు. నీలంగా వుంటే ఇంజనాయిలు మండుతోంది. ఆ నీలం పొగ ఎప్పుడు వస్తోందన్నది ఇంకా ముఖ్యం. రేజ్ ఇచ్చినప్పుడూ, ఎత్తు ఎక్కేటప్పుడూ వస్తే అనుమానం రింగుల మీదికి పోవాలి. రాత్రంతా నిలబెట్టి పొద్దున్న స్టార్టు చెయ్యగానే ఓ గుప్పెడు వచ్చి ఆగిపోతే, లేక దిగుడులో రేజ్ వదిలేసి మళ్ళీ అందుకున్నప్పుడు వస్తే, వాల్వు సీళ్ళ మీదికి పోవాలి. ప్లగ్గు కూడా ఊరికే వుండదు. దాని కొస ఇటుకపొడి రంగులో వుంటే క్షేమం. పొడిమసి పడితే పెట్రోలు ఎక్కువ. నూనె తడి వుంటే ఆయిలు పైకి వస్తోంది. సున్నంలా తెల్లబడితే ఇంజను మితిమీరి కాగుతోంది.

మా మిత్రుడింట్లో వారం రోజులపాటు కుర్రవాడి చేత ఇదంతా కాగితం మీద రాయించాను. పొగ పొద్దున్నే వస్తోంది. పది నిమిషాల తరవాత లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు లాగడంలో తేడా లేదు. కిక్కులో బిగువు తగ్గలేదు. ఆ కాగితం పట్టుకుని తండ్రీ కొడుకులూ నేనూ షెడ్డుకి వెళ్ళాం. మేస్త్రి చదివి తల పంకించాడు. "మాస్టారూ, ఆ రోజు సారొచ్చి 'పొగొస్తోంది' అన్నారంతే. పొద్దున్న మాత్రమే అని చెప్పలేదు. పైన హెడ్డు ఒక్కటే చేసిస్తే, పొగ తగ్గకపోతే మళ్ళీ నా దగ్గరికే వస్తారు. రెండోసారి విప్పిన కూలి నాకెవరిస్తారండీ? అందుకే మొత్తం చెప్పాను" అన్నాడు.

అందులో చేతివాటం ఏమీ లేదు. "దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు" అని మెకానిక్కులని ఆడిపోసుకుంటాం గాని, దున్నపోతు ఈనిందని మొదట చెప్పింది మనమే. సగం సమాచారం ఇచ్చినవాడికి పూర్తి బిల్లు రావడంలో వింత లేదు.

ముందు హెడ్డు మాత్రం విప్పి, బోరు చూసి, తరవాత మాట్లాడుకుందామని ఒప్పందమయింది. కుర్రవాణ్ణి పక్కన కూర్చోనిస్తానన్నాడు మేస్త్రి. బోరులో గీతలు లేవు. వాల్వు సీళ్ళు ఎండి బెరడు కట్టాయి. సీళ్ళు, గాస్కెట్లు, వాల్వులు అరగదియ్యడం, కూలి, అన్నీ కలిపి రెండువేల మూడువందలయింది.

ఆ పూట కుర్రవాడు నేర్చుకున్నది వీడియోలో లేదు. హెడ్డు నట్లు ఒక్కొక్కటిగా పూర్తిగా బిగించకూడదు; ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. ఒకసారి నలిగిన గాస్కెట్ మళ్ళీ వెయ్యకూడదు. టైమింగు చైను ఎక్కించేటప్పుడు మాగ్నెట్ మీది గుర్తూ, పైన పళ్ళచక్రం మీది గుర్తూ ఒకేసారి కుదరాలి. ఒక్క పన్ను తప్పితే బండి ముక్కుతూ నడుస్తుంది. మరీ తప్పితే వాల్వూ పిస్టనూ కొట్టుకుంటాయి. మేస్త్రి ఆ గుర్తులు ఒకటికి రెండుసార్లు చూసి, ఇంజనుని చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్ళీ చూశాడు. అంత అనుభవం వున్నవాడు అన్నిసార్లు సరిచూసుకోవడమే కుర్రవాడికి ఆశ్చర్యం కలిగించింది. హస్తవాసి అంటే అదే కాబోలు.

ఇక రెండో ప్రశ్న: పని చెడితే పోయేదేమిటి? ఈ కొలత పెట్టుకుంటే పనులు వాటంతటవే మూడు వరసల్లో నిలబడతాయి. ఇంజనాయిలు మార్చడం, ఎయిర్ ఫిల్టరు దులపడం లేక మార్చడం, ప్లగ్గు విప్పి శుభ్రం చేసి సందు చూడడం, చైనుకి నూనె పెట్టి బిగువు సర్దడం, క్లచ్చి కేబులు సరిచెయ్యడం, ఇవి ఇంట్లో చేసుకోదగినవి. ప్లగ్గు సందు చాలాబళ్ళకి 0.6 నించి 0.9 మిల్లీమీటర్ల లోపల వుంటుంది. మీ బండిది ఎంతో దానితో ఇచ్చిన పుస్తకంలో వుంటుంది. ప్లగ్గు పెట్టేటప్పుడు మొదటి చుట్లు వేళ్ళతోనే తిప్పాలి. హెడ్డు అల్యూమినియంది, ప్లగ్గు ఉక్కుది. వంకరగా ఎక్కించి స్పానరుతో బలం చూపిస్తే మర పోతుంది. తీసిన పాత ఆయిలు కాలవలో పొయ్యకుండా డబ్బాలో పట్టి షెడ్డులో ఇచ్చెయ్యాలి. తలుపులు మూసిన గదిలో ఇంజను నడపకూడదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వుండదు, వాసనా వుండదు.

రెండో వరస: టాపెట్లు సర్దడం, కార్బొరేటర్ విప్పి కడగడం. ఇవి తెలిసినవారి పక్కన కూర్చుని ఒకటి రెండుసార్లు చూసి, తరవాత చెయ్యవలసినవి. చిన్నబళ్ళలో టాపెట్ సందు మిల్లీమీటరులో పదో వంతుకి అటూ ఇటూగా వుంటుంది. దాన్ని ఫీలర్ గేజ్ రేకుతో, ఇంజను పూర్తిగా చల్లారాక చూడాలి. సందు ఎక్కువైతే చప్పుడొస్తుంది, మనకి తెలుస్తుంది. తక్కువైతే చప్పుడు రాదు, వాల్వు కాలిపోతుంది. చప్పుడు చెయ్యనిదే ప్రమాదమని మనుషుల విషయంలో అంటూ వుంటాం. ఇంజను విషయంలోనూ అంతే.

మూడో వరస: పిస్టను, రింగులు, క్రాంకు, గేరుబాక్సు. ఇక్కడ ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. బోరింగు ఎవరింట్లోనూ జరిగేది కాదు. మీరు ఇంజను మొత్తం విప్పినా, సిలిండరు సంచీలో వేసుకుని లేతు దగ్గరికి వెళ్ళవలసిందే. మీ మేస్త్రీ అంతే. విజయవాడ ఆటోనగర్‌లో ఓ గంట తిరిగి చూడండి. ఒకరు బోరు తీస్తారు, ఒకరు క్రాంకు సరిచేస్తారు, ఒకరు విరిగినవి అతుకుతారు, ఒకరు సామాను అమ్ముతారు. బోరింగు చేస్తే పిస్టను 0.25 మిల్లీమీటరో, 0.50 మిల్లీమీటరో పెద్దది తెచ్చి, దానికి తగినట్టు సిలిండరు కొయ్యాలి. "మనమే చేసుకుందాం" అనేవాడు నిజంగా తన చేత్తో చేసుకునేది ఆ గొలుసులో ఒక్క లంకె మాత్రమే. అదీ తప్పితే కొంప ముంచే లంకె.

మూడో ప్రశ్న పనిముట్ల లెక్క. ఆయిలూ ప్లగ్గూ పనులకి రెండు మూడు స్పానర్లు, ఒక ప్లగ్గు పానా చాలు. అవి ఏడాదికి నాలుగైదుసార్లు పనికొస్తాయి. ఖర్చు త్వరలోనే తిరిగి వస్తుంది. ఇంజను విప్పడానికి మాగ్నెట్ పుల్లరు, వాల్వు స్ప్రింగులు నొక్కే క్లాంపు, టార్క్ రెంచి కావాలి. పదేళ్ళకోసారి పట్టుకునే పనిముట్టు కొని అటక ఎక్కించడం, ఇంట్లో పెళ్ళి వుందని గాడిపొయ్యికి తగిన గుండిగలు కొన్నట్టే. దీనికి తోడు, బండి విప్పి వున్నన్నాళ్ళూ ఆటో ఖర్చు కూడా మీదే.

కొత్తబండి వున్నవారికి మరో మాట. వారంటీ కాలంలో సొంతంగా ఇంజను ముట్టుకుంటే, రేపు దోషం ఎవరిదన్న తగువు వస్తుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్ళలో మీటరు మీద హెచ్చరిక దీపం వెలిగితే దాని భాష చదవడానికి స్కానరు కావాలి. సుత్తీ స్పానరూ చాలవు. ఈ స్కానర్లూ, సర్వీసు పుస్తకాలూ కంపెనీ షోరూములకే పరిమితం కాకూడదనే వాదం కూడా న్యాయమైనదే. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో "రైట్ టు రిపేర్" పోర్టల్ తెరిచింది. ఫోన్లూ, గృహోపకరణాలూ, వ్యవసాయ పరికరాలతో పాటు వాహనాలు కూడా అందులో వున్నాయి. కొన్న వస్తువుని బాగుచేయించుకునే హక్కు కొన్నవాడికీ, వీధి చివర మెకానిక్కుకీ కూడా వుండాలి గదా.

మాటల మనిషిని గనక ఒక మాట చెప్పక తప్పదు. మరమ్మతు అనే పదం మనకి ఉర్దూ దారిన వచ్చింది. మేస్త్రి అనేది పోర్చుగీసువారి "మెస్త్రె" నించి వచ్చింది. ఆ భాషలో దానికి గురువని కూడా అర్థం. ఇంగ్లీషు "మాస్టరు" దానికి చుట్టమే. అంటే నన్ను "మాస్టారూ" అని పిలిచే మేస్త్రికీ నాకూ బిరుదు ఒకటే. తేడా ఎక్కడంటే, నా పాఠం తప్పితే ఒక మార్కు పోతుంది. ఆయన పాఠం తప్పితే బండి రోడ్డు మీద ఆగుతుంది. అయినా బేరం ఆడేది మాత్రం ఆయన దగ్గరే. సామాను బిల్లు చూపిస్తే కిమ్మనకుండా ఇస్తాం. కూలి దగ్గరికి వచ్చేసరికి "ఓ అరగంట పనికి ఇంతా?" అంటాం. ఆ అరగంట వెనక ఇరవై ఏళ్ళు వున్నాయని బిల్లులో వేసే గడి లేదు పాపం.

అలా అని కళ్ళు మూసుకుని తాళంచెవి ఇచ్చి రమ్మనను. వెళ్ళేముందు లక్షణాలు రాసుకోండి: చల్లగా వున్నప్పుడా, కాగాకనా, ఏ గేరులో, ఎంత స్పీడులో. విప్పిన తరవాత కొత్త లోపం కనిపిస్తే ఫోను చేసి అడిగాకే పని చెయ్యమనండి. మార్చిన పాత సామాను మీకు ఇమ్మనండి. సాయంత్రం రద్దీలో కాకుండా పొద్దున్నే వెళ్ళండి. మాట ఇచ్చిన కూలి వెంటనే ఇవ్వండి. ఈ అయిదూ పాటిస్తే చేతివాటం వున్నవాడు మీ దగ్గర చూపించడానికి జంకుతాడు, హస్తవాసి వున్నవాడు మీ బండి మనసుపెట్టి చేస్తాడు.

ఇంట్లో ఆడపిల్లలకి కూడా ఈ మొదటి వరస పనులు నేర్పండి. బండి నడపడం నేర్పినవాళ్ళం ప్లగ్గు విప్పడం నేర్పకపోవడం సగం చదువు చెప్పడమే.

ఆరంభం సులువైనది. ఇంజను కాసేపు నడిపి ఆపి, బండిని చదునైన చోట సెంటరు స్టాండు వేసి, నాలుగైదు నిమిషాలు ఆగండి. ఆయిలు కొలిచే పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, తిరిగి పెట్టి చూడండి. చాలా చిన్నబళ్ళలో దాన్ని మర తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి కొలవాలి. మీ పుస్తకం ఏమంటుందో చూసుకోండి. నూనె రెండు గీతల మధ్య వుంటే సంతోషం. కిందికి దిగితే ఆ గ్రేడు ఆయిలే తెచ్చి పొయ్యండి, ఎంత పోశారో తారీకు వేసి రాసుకోండి. నెల తిరగకుండా మళ్ళీ గీత దిగిందా, స్పానరు అక్కడ పెట్టేసి, ఆ కాగితం జేబులో వేసుకుని మేస్త్రి దగ్గరికి వెళ్ళండి.